మ్యాచ్ అను రెండు నామవాచకాలు

1997 ఫిబ్రవరి 16, ఆదివారం. ఉదయం పది గంటలు. చెన్నై రాయపురంలో, దేవరాజులు ఇంటి ముందుగదిలో పెళ్లిచూపులు. హాజరైనవారు అయిదుగురు: ఇంటి యజమాని, కళాశాలలో ఇంగ్లీషు బోధించే దేవరాజులు, ఆయన పెంచిన తమ్ముడి కూతురు నివేదిత, సంబంధం తెచ్చిన జయరామ్, చూడవచ్చిన శివరామ్, అతని తల్లి అలమేలు.

అంతకు గంట ముందే నివేదిత పెదనాన్న చేత ఇస్త్రీ చొక్కా తొడిగించి, గట్టిగా హెచ్చరించింది.

“పెదనాన్నా, నీకు దండం పెడతా. ఈ ఒక్కపూట మాటల పుట్టుపూర్వోత్తరాలు ఎత్తొద్దు.”

“ప్రయత్నిస్తానమ్మా.”

“ప్రయత్నం కాదు, ఒట్టు పెట్టు. ఇదీ పోతే ఇంకొకటి తేలేనని జయరామ్ మామ చెప్పేసినాడు.”

ఆమె భయానికి కారణం ఉంది. ఒకే విధంగా పలికే ఇంగ్లీషు నామవాచకాలు ఏ ఏ భాషల నుంచి వచ్చి ఒకే ఉచ్చారణలో కాపురం పెట్టాయో అట్టముక్కల మీద రాసుకోవడం దేవరాజులుకు ఇరవై ఏళ్ల అలవాటు. దాని పుణ్యమా అని అప్పటికే రెండు సంబంధాలు తప్పిపోయాయి.

మొదటిసారి వచ్చినవారిలో ఒక పెద్దమనిషి తనకు పోర్టులో ఉద్యోగమన్నాడు. పోర్ట్ అనే ద్రాక్షసారా కూడా ఉందనీ, దానికి ఆ పేరు పోర్చుగల్‌లోని ఒక పట్టణం వల్ల వచ్చిందనీ దేవరాజులు వివరించాడు. తనను తాగుబోతు అంటున్నారని ఆయన కాఫీ ముట్టకుండా లేచిపోయాడు. రెండవసారి వచ్చినావిడ తన చెంప మీది పుట్టుమచ్చను మురిపెంగా మోల్ అన్నది. ఆ మాటకు పాత ఇంగ్లీషులో మరక అని అర్థమని దేవరాజులు సెలవిచ్చాడు. నేలను తవ్వే మోల్ వేరే జంతువని ఓదార్చేలోపు ఆవిడ వీధిలో ఉంది.

ఈసారి ఆయన పెదవులు బిగించి కూర్చున్నాడు.

శివరామ్ ఇల్లంతా కలియజూశాడు.

“ఈడ కార్పొరేషన్ నీళ్లు దినమూ వస్తాయా సార్?”

“దినం విడిచి దినం.”

“మిద్దె మీద గది ఎవరికి?”

“పుస్తకాలకు.”

“మనుషులకో?”

“సర్దేస్తాం!” అన్నది నివేదిత తొందరగా. కాఫీ గ్లాసులు అందరికీ అందించింది.

అలమేలు ఒక గుక్క తాగి చూసింది. “డికాషన్ బాగుండాది. నువ్వే కలిపినావా పాపా?”

నివేదిత తల వంచుకుంది. “లేదు ఆంటీ. పెదనాన్న.”

“అప్పిడియా, అట్లనా!” అని అలమేలు ఇంకో గుక్క తాగింది.

అంతవరకూ సాఫీగా జరిగింది. అప్పుడు జయరామ్ నోరు విప్పాడు.

“వీళ్లది మ్యాచ్ హోల్‌సేల్ సార్. శివకాశి నుంచి లారీ లారీగా దిగుతాయి అగ్గిపెట్టెలు. మ్యాచ్ యాపారం చేసేవాళ్లకు నేను తెచ్చిన మ్యాచ్ ఎట్లుండాది?”

నివేదిత కళ్లు మూసుకుంది. దేవరాజులు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

“రెండూ ఒకటి కావు,” అన్నాడు.

“ఏమి కావు సార్?”

“అగ్గిపుల్ల మ్యాచ్ పాత ఫ్రెంచిలోని మాట. దీపపు వత్తి అని అర్థం. సంబంధం అనే మ్యాచ్ పాత ఇంగ్లీషుది. తోడు, జత అని అర్థం. పలుకు ఒక్కటే, పుట్టిళ్లు వేరు.”

శివరామ్ వాచీ చూసుకున్నాడు. అలమేలు గ్లాసు కింద పెట్టింది.

“రెండింటికీ ఏ సంబంధమూ లేదంటారా?”

“లేదండి. నిఘంటువు అలాగే చెబుతోంది.”

“ఆ నిఘంటువు రాసినాయనకు పెండ్లయిందా?”

ఏ ప్రశ్నకైనా అట్టముక్క తీసి చూపగల దేవరాజులు తొలిసారి తెల్లబోయాడు. “అది... నేను విచారించలేదండి.”

“విచారించాల్సింది. కాపురం చేసినోళ్లను అడిగుంటే వత్తి, నిప్పు, జత అంతా ఒకే పేజీలో రాసుండును.”

దేవరాజులు నవ్వాడు. పెద్దమ్మ పోయిన ఈ నాలుగేళ్లలో ఆయన నవ్వగా నివేదిత చూడలేదు.

“ఇంకొకటి చెప్పండి చూస్తాం,” అన్నది అలమేలు.

“మింట్.”

“టంకసాల. మా కొట్టు మింట్ వీధిలోనే గదా!”

“అది లాటిన్. రోములో ఒక దేవత గుడి దగ్గర నాణేలు పోసేవారు. ఆమె పేరే మాటయింది. పుదీనా మింట్ గ్రీకుల నుంచి వచ్చింది.”

“అయ్యో సామీ, ఇన్నాళ్లూ అన్నదమ్ములనుకుంటిని.” ఆమె కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుంది. “ఊ, ఇంకా?”

పదకొండున్నర అయింది. అట్టముక్కలు బల్ల మీదికి, బల్ల మీద చోటు చాలక నేల మీదికి వచ్చాయి. జయరామ్ కునికిపాట్లు పడుతున్నాడు. శివరామ్ వసారాలోకి వచ్చి, అక్కడ నిలబడ్డ నివేదితను మెల్లగా అడిగాడు.

“సార్ ఎప్పుడూ ఇట్లనేనా?”

“ఆదివారాలు ఇంకొంచెం జాస్తి. మీకు... అభ్యంతరమా?”

అతడు లోపలికి తొంగి చూశాడు. తల్లి ఒక అట్టముక్కను దూరంగా పట్టుకుని చదువుతోంది.

“అమ్మ సరే అంటే నేనెవర్ని వద్దనేదానికి?”

జయరామ్‌ను తట్టి లేపారు. అతడు ఆవులిస్తూ అలమేలు వైపు తిరిగాడు. “ఏమ్మా, పోదామా? నాకు తెలుసు, ఇదీ...”

“యాడికి పోయేది? ఖాయం చేసెయ్ అన్నా.”

జయరామ్ అప్పటికప్పుడు ఒక తెల్లకాగితం తెప్పించి, మూలలకు పసుపు అద్ది, ఉభయ కుటుంబాల అంగీకారం రాశాడు. వారి ఆచారంలో వధూవరులు సంతకం చేయరు. ఒక్కో ఇంటి తరపున ఒక్కొక్కరు చేస్తారు.

వరుడు దేవరాజులు తరపున నివేదిత, వధువు అలమేలు తరపున ఆమె కొడుకు శివరామ్ సంతకాలు చేయగా, జయరామ్ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తన చేతిసంచిలో భద్రపరిచాడు.