సిగ్నల్ నిచ్చెనలు

“ఏటిది దేముడమ్మా? మెట్లెక్కడికి పోనాయి?”

కృపారాణి ట్రేలోంచి ఓ ముక్క తీసి వెలుగుకి పెట్టింది. అగ్గిపుల్లంత కూడా లేని ప్లాస్టిక్ నిచ్చెన, బొమ్మ రైళ్ళ సిగ్నల్ స్తంభానికి అతికించేది. మధ్య మెట్లు తెగిపోయి ఉన్నాయి.

చీపురుపల్లి రోడ్డులోని ఆ షెడ్డులో మెషిన్ పోసిన ముక్కల అంచుల్లో పలచగా ప్లాస్టిక్ మిగిలిపోతుంది. దాన్ని బ్లేడుతో కోసి తీయడం ఆడవాళ్ళ పని. ఎక్కడో దేశాల్లో నెత్తి నెరిసిన మగాళ్ళు ఇంట్లో పట్టాలు పరుచుకుని ఈ రైళ్ళతో ఆడుకుంటారట. ఆట వాళ్ళదే గానీ, మెట్టు విరిగితే ఓనరు చేత తిట్లు మాత్రం సూపర్‌వైజర్ కృపారాణికి.

“తప్పయిపోనాదమ్మా,” అంది దేముడమ్మ.

“రోజూ ఇదే మాట! తాయారు పిన్ని ట్రే సూడు, ఎంత సుబ్బరంగా ఉన్నాదో. ఆ వయసులో ఆవిడికొచ్చిన పని నీకు రాదేటి?”

దేముడమ్మ చిన్నగా నవ్వింది. ఆ నవ్వు చూస్తే కృపారాణికి ఒళ్ళు మండింది.

దేముడమ్మ వేసవిలో వచ్చింది. ఎవరి తాలూకో ఎవరికీ తెలీదు. పక్కన కూర్చోమని చాప జరిపింది తాయారు ఒక్కతే. ఇద్దరూ ఒకే క్యారేజీలో తినేవారు. తాయారుకి మోకాళ్ళ నొప్పులని, సాయంత్రం ఇద్దరి ట్రేలూ దేముడమ్మే కృపారాణి బల్ల దగ్గరకి మోసుకొచ్చేది.

ఆ వారం ఆర్డర్లు తగ్గాయి. ఎవరినైనా ఒకరిని మానిపించమన్నాడు ఓనరు.

కృపారాణి పెద్దగా ఆలోచించలేదు.

“రేపట్నుంచి రాకు,” అంది దేముడమ్మతో.

“నన్నే కదమ్మా? పిన్నిని కాదు కదా?”

“పనిమంతురాలిని ఎందుకు తీస్తాను? ఈ పని పోతే ఆవిడ పొయ్యి ఎలగదు.”

“అయితే సరేనమ్మా.”

సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. ఒక్క మాటైనా బతిమాలలేదు. ఎంత పొగరు, అనుకుంది కృపారాణి.

మర్నాడు సాయంత్రం తాయారు గోడ పట్టుకుని నడుస్తూ తన ట్రే తనే తెచ్చింది.

నిచ్చెనల మెట్లన్నీ తెగి ఉన్నాయి.

“ఏటి పిన్నీ ఇది? కనపడ్డం లేదేటి?”

తాయారు బల్ల అంచు తడిమి పట్టుకుంది.

“శుక్లాలమ్మా. సెప్తే తీసేస్తావని సెప్పలేదు. ఏళ్ళతో తడుంకుని కోస్తన్నాను. బాగున్నాయని రోజూ నువ్వే అంటన్నావు కదా, పోనీలే నా సేతులైనా మంచిగున్నాయి అనుకున్నాను.”

“దేముడమ్మకి తెలుసా?”

“దానికొక్కదానికే సెప్పినాను.”

కృపారాణి గబగబా రోడ్డు మీదకి వచ్చింది. వచ్చాక గానీ గుర్తుకు రాలేదు, ఆ మనిషిది ఏ ఊరో ఇన్నాళ్ళలో ఒక్కసారీ అడగలేదని.

రోజూ తను మెచ్చుకున్న ట్రే దేముడమ్మది, తిట్టిపోసిన ట్రే తాయారుది.