పన్నెండింటి ఫిరంగి

"ఇవాళ ఒక్కరోజుకి ఆ ఫిరంగి పేల్చొద్దని చెప్పమ్మా" అంది ఆవిడ, గైడు చెయ్యి గట్టిగా పట్టుకుని.

గైడు పిల్ల నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయింది. బురుజు మీది ఫిరంగిని రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి పేలుస్తారని, ఒకప్పుడు ఊరంతా దాన్నిబట్టే గడియారాలు సరిచేసుకునేదని ఆ పిల్ల అప్పుడే గొప్పగా చెప్పి ముగించింది. ఊరు చూపించే ఈ నడకలో అసలు ఘట్టం అదేనట. యుద్ధ మ్యూజియం, వీరుల స్తూపం, పాత ఆయుధాగారం అన్నీ చూపించి, జనాన్ని తీరిగ్గా నడిపించుకుంటూ ఈ వేళకి కోట ఆవరణలోకి తెచ్చేది అందుకేనట.

ఆవిడ గొంతు తగ్గించి విషయమంతా ఒక్క గుక్కలో చెప్పింది. తన భర్త సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషి. యుద్ధం నుంచి తిరిగొచ్చినప్పటి నుంచీ పెద్ద చప్పుడు పడదు. వీధిలో లారీ టైరు పేలిన రోజున మంచం కింద దూరినవాడు అక్కణ్ణుంచి నేరుగా ఆస్పత్రికే వెళ్లాడు. మరోసారి అలా జరిగితే గుండె తట్టుకోదని డాక్టరు దాపరికం లేకుండా చెప్పేశాడు.

"ముందే చెప్పాల్సింది కదా ఆంటీ."

"తేలికైన నడక అన్నారు. ఫిరంగి ఉందని మీరు ముందే చెప్పారా?"

గైడు చేతిలోని కరపత్రం తిప్పి చూసింది. కరపత్రం నిండా చెట్ల నీడ, చల్లగాలి అని రాసుకున్నారు గానీ ఫిరంగి ఊసే లేదు. వచ్చినవాళ్లని ఉలిక్కిపడేలా చేయడమే అందులో సరదా అని ఎవరో తెలివైనవాడు అనుకుని ఉంటాడు.

పెద్దాయన మాత్రం కాస్త అవతల ఓ పాత యుద్ధ ట్యాంకు చుట్టూ తిరుగుతూ, కొనడానికి వచ్చినవాడిలా తట్టి చూస్తున్నాడు. పొద్దుటి నుంచీ మహా హుషారుగా ఉన్నాడు. గైడు ఏం చెప్పినా తలూపాడు, పదిమందితో పాటు నవ్వాడు.

ఆయన ఇంత నిమ్మళంగా ఉండటం వెనక ఆవిడ పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. ఇంట్లో కుక్కరు అటకెక్కింది. తలుపు రెక్కలకి గుడ్డపీలికలు అంటుకున్నాయి. కాలింగ్ బెల్లు ఊడి మూలకి చేరింది. గడప దాటి లోపలికొచ్చిన చుట్టం ఎవరైనా గొంతు దించాల్సిందే. ఏడాదిగా ఆయన ఒక్కసారి కూడా ఉలిక్కిపడలేదు. అది తన కాపలా చలవేనని ఆవిడకి గర్వం. ఆ మాత్రం ఉండాలి మరి.

ఆవిడ రెండుసార్లు పిలిచింది. ఆయన పలకలేదు. ట్యాంకు దొరికాక పెళ్లాం ఏం గుర్తుంటుంది. ఇక లాభం లేదని వెళ్లి జబ్బ పట్టుకుని గేటు దాకా నడిపించుకొచ్చింది.

గేటుకి తాళం వేసేశారు. బయటికి పోయే దారి ఫిరంగి మూతి కిందుగా వెళుతుందట. అందుకని పేల్చేదాకా ఎవర్నీ కదలనివ్వరట.

"పేలాక తీస్తానమ్మా" అన్నాడు కాపలావాడు, మర్యాదగానే.

"పేలక ముందు తియ్యి నాయనా. పేలాక నాకు గేటెందుకు?"

అతను వాచీ చూసుకుని, తల అడ్డంగా ఊపాడు. గైడు మంచి పిల్ల, అప్పటికే బురుజు మెట్ల మీద పరుగెడుతోంది. పైనున్న ఫిరంగి మనిషి ఆ పిల్ల మాట సగంలోనే చెయ్యి ఊపి కిందికి పొమ్మన్నాడు. అతనికి పై నుంచి ఉత్తర్వు రావాలి. ఆ పైవాళ్లు ఈ పాటికి భోజనానికి లేచి ఉంటారు.

ఆయుధాగారం లోపలికి వెళ్దామంటే ఆవరణ ఈ చివర నుంచి ఆ చివరికి పోవాలి. ఆయన మోకాళ్లు పరుగుకి పనికొచ్చేవి కావు. గోడ వారగా ఉన్న రాతి బల్ల మీద, బురుజుకి వీపు పెట్టి ఆయన్ని కూర్చోబెట్టింది. ఎదురుగా నిలబడి, గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది.

"ఏమండీ, నన్నే చూడండి. ఇప్పుడు పైన ఫిరంగి పేలుస్తారు. ఉత్తుత్తిదే. నేనిక్కడే ఉన్నాను. భయపడకండి."

ఆ మాటలు అయ్యేదాకా ఆయన ఆవిడ పెదాల మీంచి చూపు తిప్పలేదు. నెమ్మదిగా తలూపాడు. ఆ మొహంలో బెరుకన్నది లేదు. తన కోసం ధైర్యం నటిస్తున్నాడనుకుంది ఆవిడ.

ఆయన తలని పొట్టకి అదుముకుంది. రెండు అరచేతులతో చెవులు మూసింది. కళ్లు మూసుకుని, ఆయన్ని తన దగ్గర్నుంచి తీసుకుపోవద్దని తెలిసిన దేవుళ్లందర్నీ వేడుకుంది.

ఫిరంగి పేలింది.

గోడ మీది పావురాలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. ఎవరి చంకలోనో పసిబిడ్డ గుక్కపట్టింది. మెట్ల మీద గైడు చెవులు మూసుకుని అక్కడే కూలబడింది. ఆవిడ నిలువెల్లా వణికింది, ఆ వణుకు ఆగలేదు. చేతుల కింద ఆయన కణతలో నాడి ఇంకా కొట్టుకుంటోందని తెలుస్తున్నా కళ్లు తెరిచి చూసే ధైర్యం రాలేదు.

ఆయనే ఆవిడ చేతుల్ని మెల్లగా తన చెవుల మీంచి తీశాడు. జేబురుమాలుతో ఆవిడ చెంపలు తుడిచి, ఆ చేతులు తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఇంకా పేల్చనేలేదుగా పిచ్చిదానా, అప్పుడే ఎందుకలా వణికిపోతావు?" అన్నాడు.