ఒక్క అక్షరం

అవతల ఫోను స్పీకర్లో పెట్టారని జెన్నిఫర్‌కి అర్థమైంది. ఆడమనిషి మాట వెనకాల ఫ్యాను చప్పుడు, ఆ చప్పుడు వెనకాల ఒక మగగొంతు వినిపిస్తున్నాయి.

"ఏంటంటోంది?" అని అడుగుతోంది ఆ గొంతు.

"చెప్తున్నారండి," అంది ఆవిడ. మాట వణికింది.

ఆవిడ పేరు ఉషశ్రీ. రేపల్లె. భర్త మధుసూదన్ ఇంట్లోనే కూర్చుని ఏదో కంపెనీకి మ్యాపులు గీస్తాడు. కంప్యూటర్లో విండోస్‌కి బదులు లినక్స్ వేసుకున్నాడు. పొద్దున అప్‌డేట్ అయ్యాక తెరంతా నల్లబడిపోయి అక్షరాలు మాత్రం మిగిలాయట. అప్‌డేట్ నొక్కింది ఉషశ్రీ. "నొక్కింది నువ్వు, బాగు చేయించేది కూడా నువ్వే" అని భర్త ఫోను ఆవిడ చేతికిచ్చాడు.

జెన్నిఫర్ తెనాలిలో ఒక కాలేజీ ల్యాబులో పనిచేస్తుంది. ఇళ్ళల్లో లినక్స్ వాడేవాళ్ళకి ఉచితంగా సాయం చేసే బృందంలో చేరి నాలుగు నెలలైంది. ఎవరి తోడూ లేకుండా ఒక్కతే చూస్తున్న మొదటి కంప్యూటర్ ఇది.

"భయపడకండక్కా. ఫైళ్ళెక్కడికీ పోవు. ఖాళీ పెన్‌డ్రైవ్ ఒకటి పెట్టండి. దాని మీద కొత్త సిస్టమ్ రాసుకుని, దాంతో మీ కంప్యూటర్‌ని లేపుదాం."

అరగంట బాగానే నడిచింది. ఉషశ్రీ చురుకైనది. చెప్పిన ప్రతి అక్షరం తిరిగి చదివి వినిపిస్తోంది. ఈలోగా మగగొంతు వేరే ఫోన్లో మాట్లాడుతూ దూరంగా జరిగింది.

"ఇక్కడ జాగ్రత్త అక్కా. చివర్న 'బీ' కొట్టాలి. 'బీ' అంటే పెన్‌డ్రైవు. పొరపాటున 'ఏ' కొట్టారా, కంప్యూటర్లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది."

"మొత్తం పోతుందా?"

"మొత్తం."

"మళ్ళీ రాదా?"

"రాదక్కా. ఒకటికి రెండుసార్లు చూసుకుని కొట్టండి."

ఫ్యాను చప్పుడు మధ్య మీట టక్కుమంది.

"'బీ'యే కొట్టారు కదా?"

జెన్నిఫర్ ఫోను చెవికి నొక్కుకుంది.

"అక్కా?"

"'ఏ' పడిందమ్మా."

"ఆపండి! ప్లగ్గు పీకేయండి!" అని జెన్నిఫర్ అరిచింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

అవతల ఏదో కిందపడి పగిలింది. ఫోను మధుసూదన్ చేతిలోకి వెళ్ళింది. అతను అరవలేదు. మెల్లగా, ఒక్కో మాటా విడదీసి మాట్లాడాడు.

"మూడేళ్ళ పని మేడమ్. మీరు చెప్పారు, ఆవిడ కొట్టింది. నా మిషను ఈ గడప దాటదు. మీరే వచ్చి పోయిందంతా వెనక్కి తెచ్చివ్వండి. రాకపోతే మిమ్మల్ని ఎక్కడ వెతకాలో నాకు తెలుసు."

వెనక నుంచి ఉషశ్రీ అంది, "పెద్ద సారు ఎవరైనా ఉంటే తీసుకురామ్మా. ఇది ఒక్కళ్ళ వల్ల అయ్యే పని కాదు."

బృందానికి పెద్ద దిక్కు పూర్ణచంద్రరావు గారు. బాపట్లలో లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. జెన్నిఫర్ ఆయనకి ఫోన్ చేసి ఏడ్చేసింది.

"ఏమీ తెలియని మనిషికి ఫోన్లో ఆ కమాండ్ చెప్పకూడదు సార్. ఆయన కేసు పెడతాడేమో. నా ఉద్యోగం..."

"ముందు ఊపిరి తీసుకో. నేను కారులో బయల్దేరుతున్నా. రేపల్లె స్టేషన్ బయట ఉండు, ఇద్దరం కలిసే వెళ్దాం."

మధ్యాహ్నం రేపల్లె రైలెక్కింది. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి చూస్తోందన్న మాటే గాని ఏమీ కనపడటం లేదు. ఆ మెల్లటి గొంతే చెవుల్లో తిరుగుతోంది. భట్టిప్రోలులో బండి ఆగితే, దిగి వెనక్కి వెళ్ళిపోదామని లేచి నిలబడింది కూడా. బండి కదిలింది. మళ్ళీ కూర్చుంది.

జెన్నిఫర్, పూర్ణచంద్రరావు గారు వెళ్ళేసరికి మధుసూదన్ గేటు తాళం తీసి, లోపలికి నడిచాడు. పట్టపగలు కిటికీలన్నీ మూసి, ట్యూబులైటు వేసి ఉంది. ఉషశ్రీ నాలుగేళ్ళ కూతుర్ని ఎత్తుకుని గోడ పక్కన నిలబడింది. జెన్నిఫర్ ఆవిడ మొహంలోకి చూడలేకపోయింది.

కుర్చీలో కూర్చుంది. రెండుసార్లు తప్పు కొట్టింది. అతను వెనకాలే నిలబడ్డాడు. ఊపిరి ఆమె మెడకి తగులుతోంది.

"కొన్ని ఫైళ్ళు వెనక్కి రావచ్చు మధుసూదన్ గారూ," అన్నారు పూర్ణచంద్రరావు గారు. "ఇదిగో, ఈ వరస చూడండి."

మధుసూదన్ తెర మీదకి వంగాడు.

వెనక చెప్పుల చప్పుడైంది. జెన్నిఫర్ తల తిప్పేసరికి గోడ పక్కన ఎవరూ లేరు. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది.

"ఉషా!" మధుసూదన్ అప్పుడు అరిచాడు.

భయంతో పిల్లతో సహా ఏ అఘాయిత్యం చేసుకుంటుందో! జెన్నిఫర్ అతనికన్నా ముందే లేచి, కాళ్ళకి చెప్పులైనా లేకుండా వీధిలోకి పరిగెత్తింది. జనం ఆగి చూస్తున్నారు. గేటు దాకా వచ్చిన మధుసూదన్ వాళ్ళని చూసి అక్కడే నిలబడిపోయాడు.

మలుపులో ఆటో ఎక్కుతూ కనపడింది ఉషశ్రీ. జెన్నిఫర్ రొప్పుతూ వెళ్ళి ఆమె పక్కన కూలబడి, చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అక్కా, తప్పంతా నాదే. మీ ఆయన కాళ్ళు పట్టుకునైనా చెప్తాను. మిమ్మల్ని ఏమీ అననివ్వను. ఇంటికి పదండక్కా."

"మా అమ్మవాళ్ళ ఊరు నగరానికి పోనీ అన్నా," అంది ఉషశ్రీ ఆటో అతనితో. ఆటో కదిలింది. పిల్లని గుండెలకి అదుముకుని జెన్నిఫర్ వైపు తిరిగింది. ఇప్పుడు ఆవిడ గొంతు వణకడం లేదు.

"బయటివాళ్ళొస్తే తప్ప ఆయన గేటు తాళం తీయడమ్మా, అందుకే 'ఏ' నేను కావాలనే కొట్టాను."