గడప మీద లొల్లి

"నా తమ్ముణ్ణి నేను చూస్తనంటే అడ్డం నిలబడనీకి నువ్వెవరు?" అంటూ ఆడపడుచు రుక్మాబాయి గడప మీద కాలు పెట్టేసరికి లావణ్యకు ఒళ్ళు మండిపోయింది. రెండు చేతులూ తలుపుకు అడ్డం పెట్టి నిలబడింది.

"డాక్టర్ ఎవ్వరినీ రానియ్యొద్దన్నడు వదినా."

"ఎవ్వరినీ అంటే బయటోళ్ళను. నేను బయటిదాన్నా?"

లావణ్య చెప్పిందే మళ్ళీ చెప్పింది. కీమో మందు క్యాన్సర్‌తో పాటు రక్తంలోని తెల్లకణాలను కూడా తగ్గించేసిందనీ, రోగాలతో కొట్లాడేవి అవేననీ, అవి మళ్ళీ పెరిగేదాకా తన మొగుడు కొండల్‌కు జలుబు అంటినా ప్రాణం మీదికి వస్తుందనీ చెప్పింది. పేడా, దుమ్మూ ఉంటాయని బర్రెల కొట్టం వైపు కూడా పోనివ్వొద్దన్నారని చెప్పింది. ఎన్నిసార్లు చెప్పినా గౌలిపురలో ఒక్కరి చెవికీ ఎక్కదేం? రోగి మంచం మీద కూర్చుని, చెంపలు నిమిరి, కాసేపు ఏడిస్తేగాని పలకరించినట్టు కాదు వీళ్ళకు. ఆ పలకరింపుతోనే మనిషి పోతాడంటే వినరు.

ఇంటి వెనక కొట్టంలో బర్రె అరుస్తోంది. కొండల్ మంచం పట్టినప్పటి నుంచి అది ఎవరికీ సరిగ్గా చేపడం లేదు, పొదుగులోంచి పాలు దిగనివ్వడం లేదు. పిండబోయిన పక్కింటాయనను పొద్దునే తన్నింది. పొదుగు గట్టిపడి పోయింది. దాన్ని అమ్మేద్దామని లావణ్య అంటే కొండల్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"గా మూగజీవం గోస గూడ నీకు వినపడ్తలేదా? ఏం గుండెనే నీది?"

ఏనాడూ పల్లెత్తు మాట అనని రుక్మాబాయి ఇవాళ గల్లీ అంతా వినేలా అరుస్తోంది. ఎదురింటి వాళ్ళు గుమ్మంలోకి వచ్చారు. అందరి చూపులూ లావణ్య మీదే, మొగుణ్ణి గదిలో పెట్టి తాళం వేసిన రాక్షసిని చూసినట్టు. కాసేపటికి బర్రె అరుపు ఆగింది. రుక్మాబాయి మాత్రం ఆగలేదు.

"నీ తమ్ముడు బతకాలె వదినా. మీరందరు నన్ను తిట్టుకున్నా మంచిదే."

రుక్మాబాయి కళ్ళు దించుకుంది. ఇంకొంచెంసేపు ఏదో గొణిగి, కొంగు నడుముకు చుట్టుకుని ఇంటి పక్క సందులోకి వెళ్ళిపోయింది.

లావణ్య గొళ్ళెం పెట్టి, మీ అక్కనే ఆపేశానని చెప్పడానికి విసురుగా గదిలోకి వెళ్ళింది. మంచం ఖాళీగా ఉంది. దిండు మీద మాస్కు పడి ఉంది. పెరటి తలుపు బార్లా తెరిచి ఉంది.

కొట్టంలో కొండల్ తన బోడితల బర్రె డొక్కకు ఆనించి కూర్చుని పాలు పిండుతున్నాడు. బకెట్ నిండా నురగ. వెనక అడుగుల చప్పుడు విని, తల తిప్పకుండానే అన్నాడు:

"మస్తు చేపిందక్కా. రేపు గూడ గింతసేపే లొల్లి పెట్టు."