చిక్కుడు గింజంత టంకం

రగబ్ కారు స్టార్ట్ చేస్తే చాలు, ఈజిప్టులోని జగాజిగ్ టాక్సీ స్టాండులో టీ తాగేవాళ్లు గ్లాసుల మీద చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. అంత నల్లపొగ.

"పొద్దున్నే మాకు మసి ఫలహారమా?" అన్నాడు టీకొట్టువాడు.

రగబ్ నవ్వలేదు. మధ్యాహ్నం రెండింటికి పొగ పరీక్ష. అది తప్పితే ట్రాఫిక్ వాళ్లు నంబరు ప్లేట్లు విప్పి పట్టుకుపోతారు. ఏడుగురు కూర్చునే ఈ పాత టాక్సీ ఆగితే ఇంట్లో పొయ్యి ఆగినట్టే.

ప్లగ్గులు మార్చాడు. గాలి ఫిల్టరు మార్చాడు. పొగ పొగే.

కైరో టాక్సీ నిండడం కోసం కూర్చున్న ఒక ముసలాయన లేచి వచ్చాడు. పాత ప్లగ్గు అందుకుని మసిని వేలితో రుద్ది చూశాడు.

"పెట్రోలు మోతాదు మించి తాగుతోంది నాయనా. కార్బురేటర్ మూత విప్పు. లోపల ఫ్లోట్, ఆ తేలే ఇత్తడి బుడ్డి, బరువెక్కింది. తేలాల్సింది మునిగితే పెట్రోలు ఎలా ఆగుతుంది?"

"ఆ మూత విప్పనండీ హాజీ. అది మెకానిక్ ఉస్తాద్ మహ్రూస్ చేసిన పని. ఆయన చెయ్యి పడ్డాక ఇంకొకరి చెయ్యి పడకూడదని మా నాన్న ఒట్టు వేయించుకున్నాడు. ఆ పని జరిగి పన్నెండేళ్లయింది. నేనప్పుడు సైన్యంలో ఉన్నా, ఆయన్ని చూసే భాగ్యం కలగలేదు."

"నాన్న బాగున్నాడా?"

"పోయి రెండేళ్లు."

ముసలాయన చేతిలోని ప్లగ్గు కింద పెట్టాడు.

"అల్లా ఆయన్ని చల్లగా చూడాలి. ఆ ఫ్లోట్ అడుగున చిక్కుడు గింజంత టంకం ఉంటుంది. చిల్లికి ఆవగింజంత చాలేది. తప్పు ఆ మహ్రూస్‌దే. ఎక్కువైనంత గీకెయ్యి."

రగబ్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

"చూడకుండానే తప్పు పడతావా? ఆయన చెప్పులు మొయ్యడానికి కూడా పనికిరావు నువ్వు. వెళ్లి నీ సీట్లో కూర్చో."

"కూర్చుంటాలే," అన్నాడు ముసలాయన నెమ్మదిగా. "గీకేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఇత్తడి బాగా పలచన."

కైరో టాక్సీ నిండింది, వెళ్లిపోయింది.

పన్నెండున్నర అయింది. రగబ్ మనసులోనే తండ్రికి క్షమాపణ చెప్పుకుని మూత విప్పాడు.

ఫ్లోట్ అడుగున టంకం ఉంది. సరిగ్గా చిక్కుడు గింజంత.

ఆవగింజంత ఉంచి మిగతాది మెల్లగా గీకాడు. బిగించి స్టార్ట్ చేశాడు. పొగ లేదు. టీకొట్టువాడు గ్లాసు మీది చెయ్యి తీసి, ఇదేం వింత అన్నట్టు చూశాడు.

రగబ్ మాత్రం ఆ టంకం రజను అరచేతిలో పట్టుకుని కైరో రోడ్డు వైపు చూస్తూ నిలబడిపోయాడు. సిగ్గుతో మొహం మండిపోతోంది.

పన్నెండేళ్లుగా ఎవరూ విప్పని మూత కింద ఏముందో, ఎంతుందో తెలిసిన మనిషి లోకంలో ఒక్కడే ఉంటాడు, దాన్ని పెట్టినవాడు.