అత్తలు బయటే ఉండాలి

"పెద్దమ్మా, మీరు బయట కూర్చోండి," అంది నర్సు, తలుపుకి చెయ్యి అడ్డం పెట్టి.

"ఆవిడ ఉండాలండీ," అంది కోడలు.

"అత్తలు లోపలికొస్తే అసలు సంగతి బయటికి రాదమ్మా. ఎంతమందిని చూడలేదూ."

కోడలికి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ దిగమింగి, నర్సు చెయ్యి పక్కకి నెట్టి, అత్తని లోపలికి లాక్కెళ్ళింది.

డాక్టరమ్మ టేబులు ముందు రెండు కుర్చీలు. కోడలు ఒకదాంట్లో కూలబడింది. అత్త కూర్చోలేదు. పొద్దుట్నుంచీ అదే వరస. వరండాలో బెంచీ ఖాళీ అయినా గోడకి ఆనుకుని కాపలా కాస్తున్నట్టు నిలబడింది. ఇప్పుడూ కోడలి వెనకే నిలబడి భుజం మీద చెయ్యి వేసింది. వేసిందనడం కంటే గోళ్ళు దించిందనడం నయం.

బయల్దేరేముందే మాట తీసుకుంది. "నలుగురిలో నోరు జారావో, చూడు. మావాడి చెవిన పడిందంటే నేను తలెత్తుకు తిరగలేను."

ఈ ఆసుపత్రి చుట్టూ తిరగడం ఇవాళ కొత్త కాదు. మొదట చూసిన కుర్ర డాక్టరు మాట పూర్తి కాకుండానే చెవులు ఎర్రబడి, చర్మం డాక్టరు దగ్గరికి పొమ్మన్నాడు. ఆయన ఇది ఆడవాళ్ళ విభాగం పని అన్నాడు. వాళ్ళేమో ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ ఆ రోజు రాదు, మళ్ళీ రమ్మన్నారు. పోయిన ప్రతి చోటా ఒక పూత మందు. ఇంట్లో ట్యూబులు పోగుపడ్డాయి గానీ, "ఏదీ, చూద్దాం" అన్న పాపాన ఒక్కరూ పోలేదు.

"చెప్పు," అంది డాక్టరమ్మ, ముందు మనిషి కాగితాల మీద ఇంకా ఏదో రాస్తూనే.

దారి పొడుగునా కూడబలుక్కున్న మాటల్ని కోడలు గబగబా అప్పజెప్పింది. "కింద... పెదాల్లాగా చర్మం ఉంటుంది కదండీ. అది బాగా సాగిపోయి వేలాడుతోందండీ. మాది కుట్టు మిషన్ల పని. ఇద్దరం కుడతాం. రోజంతా తొక్కుతుంటే ఒరుసుకుపోయి పుండు పడుతోంది. మానిందనుకునేలోపే మళ్ళీ మొదలు. ఒంటికి వెళ్తే ప్రాణం పోయినంత మంట. దిండు మీద దిండు వేసినా కూర్చునే దారి లేదు. ఆ ఎక్కువైన చర్మం తీసేసి కుట్టేస్తారట కదండీ."

డాక్టరమ్మ అప్పుడు తలెత్తింది. "లేబియాప్లాస్టీ. ఎక్కడ చూశావు, ఫోన్లోనా?"

"ఫోన్లోనే తెలిసిందండీ, కానీ..."

"పెళ్ళయి ఎన్నేళ్ళు?"

"ఏడు. అది కాదండీ..."

"మీ ఆయన ఏమైనా అన్నాడా?"

భుజంలో గోళ్ళు ఇంకాస్త దిగాయి. నాలిక చివరికి వచ్చిన మాట వెనక్కి తిరిగి గొంతులోకి పోయింది.

"ఆయనకసలు తెలీదండీ."

"చూడమ్మా, అవీ ముక్కుల్లాంటివే. ఒక్కొక్కరికి ఒక్కో తీరు. లేనిపోని దిగులు పెట్టుకోకు. ఇది గవర్నమెంటు ఆసుపత్రి, బ్యూటీ పార్లరు కాదు. అందం కోసం కోతలంటే మా పైవాళ్ళు ఒప్పుకోరు."

"అందం ఎవరిక్కావాలండీ. కూర్చోవడం కావాలి."

డాక్టరమ్మ చీటీ అందుకుంది. ముందువైపు ఏం రాసుందో చూసే తీరిక ఎక్కడిది, వెనక్కి తిప్పి ఇంకో ట్యూబు పేరు గీకేసింది. "వదులు బట్టలు వేసుకో. కొన్నాళ్ళు పని తగ్గించుకో."

పని తగ్గించుకోవడమట. బడులు తెరిచేలోపు ఇవ్వాల్సిన యూనిఫారాలు కొట్లో నడుమెత్తు పడి ఉన్నాయి. ఉన్న రెండు మిషన్లలో ఒకటి మూలపడితే, ఎదురు కొట్టువాడు ఆ గుట్టని ఎత్తుకుపోవడానికి గోతికాడ నక్కలా కూర్చున్నాడు.

"పోదాం పదవే," అత్త గొణిగింది. "పోయిన పరువు చాలు."

"విను," అంది డాక్టరమ్మ. "మీ అత్తగారికున్న ఇంగితం నీకు లేకపోయింది. పెద్దావిడ, ఎన్ని కష్టాలు చూసుంటుంది. ఇలాంటివాటికి ఆవిడ ఎప్పుడైనా ఆసుపత్రి గడప తొక్కిందేమో అడుగు."

అత్త తల వంచేసుకుంది.

అంతే, కోడలికి ఒళ్ళు మండిపోయింది. కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది. "ఒక్కసారి చూడండి. చూసి, మామూలే అనండి, మళ్ళీ ఈ ఛాయలకి రాము. చూసేదాకా మాత్రం నేను లేవను."

"మేడం, బయట జనం తన్నుకుంటున్నారు," అని నర్సు తలుపు దగ్గర్నుంచి విసుక్కుంది.

డాక్టరమ్మ కోడలి వంక చూసింది, తలుపు వంక చూసింది. ఒక నిట్టూర్పు విడిచి చేతి తొడుగులు తగిలించుకుంది. "సరే, చెప్పులు విడిచి ఆ బల్ల ఎక్కు. త్వరగా కానియ్."

నర్సు తెర లాగుతూ, "పెద్దమ్మా, ఇప్పుడైనా బయటికెళ్తారా?" అంది.

కోడలు లేచి, భుజం మీది చేతిని రెండు చేతుల్లోకీ తీసుకుని నొక్కింది. "ఏం కాదు," అంది నెమ్మదిగా.

అత్త చెప్పులు విడిచి, పళ్ళ బిగువున ఆ బల్ల ఎక్కి, గోడవైపు ముఖం తిప్పుకుని పడుకుంది.