బయటి తిండికి అనుమతి లేదు

పొద్దున షుగర్ గోలీ వేసుకున్న మనిషి మధ్యాహ్నం దాటినా మెతుకు ముట్టలేదు. రంజిత్‌కు అదే భయం. ఎండాకాలంలో ఒకసారి ఇలాగే కళ్లు తిరిగి పడిపోతే కాగజ్‌నగర్ దవాఖానకు ఎత్తుకుని ఉరకాల్సి వచ్చింది.

"బాపూ, ఒక్క ఇడ్లన్న తినే. నీకు దండం పెడ్త."

"తిన." హనుమండ్లు బఫే హాలు బయట కుర్చీలో కాళ్లు పైకి ముడుచుకుని కూర్చున్నాడు. "ఇయ్యాల అమాస పండుగ. పోలెలు లేంది నోట్లె ఏం వెయ్య."

నిజానికి పోలెలు ఇంటి నుంచి రానే వచ్చాయి. కనకవ్వ చీకటితోనే లేచి, శనగపప్పు ఉడకబెట్టి, బెల్లం వేసి పూర్ణం రుబ్బి, పోలెలు కాల్చి, కొడుక్కి తెలియకుండా స్టీలు డబ్బాలో సర్దింది. చీరల సంచీ అడుగున దాచింది. ఊరి నుంచి కరీంనగర్ పక్కనున్న ఈ రిసార్టు దాకా డబ్బా క్షేమంగానే వచ్చింది. గేటు దగ్గర సెక్యూరిటీ అతను సంచీ విప్పాడు. బయటి తిండికి అనుమతి లేదన్నాడు. డబ్బా తీసి అరలో పెట్టాడు.

తీపి ముట్టొద్దని డాక్టర్ చెప్పిన మనిషికి తల్లి చేసిన ఈ దొంగ సాయం చూసి, రంజిత్ అప్పుడు ఆ సెక్యూరిటీ అతన్ని మనసులోనే మెచ్చుకున్నాడు. ఇప్పుడదే మెడకు చుట్టుకుంది.

అసలు హనుమండ్లు ఊరు దాటే మనిషే కాదు. ట్రాక్టర్ కొన్నాక పొలం పని సగానికి తగ్గింది కదా, ఎటైనా తిరిగొద్దాం రమ్మంటే మొహం తిప్పుకునేవాడు. సుల్తానాబాద్ చుట్టం ఒకాయన ఫోన్లో ఈ రిసార్టు ఫొటోలు చూపించిన రోజు నుంచి మాత్రం ఒకటే పోరు. "పోతే గాడికే పోదాం. గది గూడ పండుగ నాడే పోదాం." ముసలాయనకు నీళ్ల జారుడుబల్ల మీద మోజు పుట్టిందని కోడలు సృజన నవ్వింది.

తీరా వచ్చాక జారుడుబల్ల వైపు చూడనైనా లేదు. టిఫిన్ల దగ్గర ఏమీ తినలేదు గానీ, వెన్న బిళ్లలు మాత్రం గుప్పెడు తీసి జేబులో వేసుకున్నాడు. వంటగదిలోకి పోయి ఇంత పసుపు అడుక్కొచ్చాడు. అవి పట్టుకుని కాసేపు ఎటో పోయొచ్చాడు.

"మోకాళ్లు నొస్తున్నయేమో" అంది సృజన. "రెండు కలిపి రాసుకుంటడు కావచ్చు మామ."

రంజిత్ బఫే మీద పడ్డాడు. 'పండుగ స్పెషల్' అని బోర్డు పెట్టిన బల్ల మీద నూడుల్స్ ఉన్నాయి, పనీర్ ఉంది, గులాబ్‌జామూన్ ఉంది. పండుగే లేదు. వంటాయన్ని పట్టుకుని బతిమాలాడు. ఎక్కడో ఉత్తరాది మనిషి, పాపం, చాలాసేపు తంటాలు పడి మైదా రొట్టెలో చక్కెర చుట్టి ఇచ్చాడు. అందానికి పైన ఒక చెర్రీ పండు పెట్టాడు.

హనుమండ్లు దాన్ని వేలితో పొడిచి చూశాడు.

"గిది పెడ్తె తన్నుడే" అన్నాడు.

రంజిత్ తల్లి దగ్గరికి ఉరికాడు. కనకవ్వ అలల కొలనులో కొంగు నడుముకు దోపి, మనవరాలితో సమానంగా కేకలు పెడుతోంది.

"అవ్వా, బాపుకు జర నువ్వన్న చెప్పు!"

"చెప్తె ఇంటడా? ఏటేటా గంతే. డబ్బ తేపో బిడ్డా!" అని, ఇంకో అల వస్తుంటే అటు తిరిగిపోయింది.

ఇక గేటే గతి.

"రూల్ ఒప్పుకోదు సార్. మందులైతేనే లోపలికి" అన్నాడు సెక్యూరిటీ అతను.

"ఇవి మందులే."

అతను మూత తీసి వాసన చూశాడు. "బెల్లం వాసనొస్తుంది గదా?"

"షుగర్ పడిపోతె బెల్లమే మందు. మా బాపు పొద్దటిసంది ఏం తినలే అన్నా. మనిషి ఆగమైతడు."

అబద్ధమాడబోయి నిజమే చెప్పాడు రంజిత్. సెక్యూరిటీ అతను అటూ ఇటూ చూసి, మందును పరీక్షించడం తన డ్యూటీ అన్నట్టు ఒక పోలె నోట్లో వేసుకున్నాడు.

"మంచి మందే. తీస్కపో."

డబ్బా చూడగానే హనుమండ్లు మొహం విప్పారింది. గబుక్కున లేచి, కాస్త తూలి, నిలదొక్కుకున్నాడు.

"ఒక్కటే తినాలె బాపూ. అది సుత నా ముందట తినాలె."

"నువ్వు రాకు. నన్ను జర ఒక్కన్ని ఇడువు." డబ్బా చంకలో పెట్టుకుని చరచరా నడిచాడు.

ఒంటరిగా వదిలితే డబ్బా మొత్తం ఖాళీ అవుతుంది. రేపు డాక్టర్‌కు ఏం చెప్పాలి? రంజిత్ చాటుగా వెంటపడ్డాడు. ముసలాయన రంగుల రాట్నం దాటాడు. పిల్లల రైలు దాటాడు. తోట చివర 'మన పల్లె' అని బోర్డు పెట్టి కట్టిన గడ్డి గుడిసెల దగ్గర ఆగాడు. చుట్టూ ఒకసారి చూసి, ఒక గుడిసె వెనక్కి పోయాడు.

దొరికాడు దొంగ అనుకుంటూ రంజిత్ గోడ పక్కకు చేరాడు. డబ్బా మూత తీసిన చప్పుడైంది. ఆ తర్వాత తండ్రి గొంతు వినిపించింది, పసిపిల్లల్ని బుజ్జగిస్తున్నట్టు.

"తినుండ్రి బిడ్డా. పొలాల పండుగ పూట మీరు తినంది నేనెన్నడన్న తిన్ననా?"

రంజిత్ తొంగిచూశాడు.

పిల్లల్ని ఎక్కించుకుని తిప్పే బండి పక్కన, ట్రాక్టర్ కొన్నప్పుడు తాను పట్టుబట్టి అమ్మించిన ఎడ్లు రెండూ, మెడల మీద వెన్నా పసుపూ నిగనిగలాడుతుంటే, బాపు చేతుల్లోంచి పోలెలు తింటున్నాయి.